వెనిగరా, వోడ్కానా, గుళికలా? ఉప్పునీటి ట్యాంకులో నైట్రేట్ దించే దారులు

కార్బన్ డోసింగ్ అనగానే, సముద్రపు చేపలు, పగడాలు పెంచడానికి కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టినవారు బొగ్గు సంచి కొనుక్కుని వస్తారు. అది వేరు, ఇది వేరు. బొగ్గు నీటిలోని పసుపు ఛాయను, వాసనను పీల్చుకుంటుంది. నైట్రేట్ జోలికి పోదు. కార్బన్ డోసింగ్ అంటే బాక్టీరియా తినగలిగే రూపంలో కార్బన్‌ను రోజూ కొలిచి నీటిలో వేయడం. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం, వోడ్కాలోని ఇథనాల్, పంచదార, పాలిమర్ గుళికలు, వీటిలో ఏదైనా కావచ్చు. చేపలకు వేసిన మేతలోని నైట్రోజన్, ఫాస్ఫరస్‌లలో చాలా భాగం చివరికి నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా నీటిలో మిగులుతుంది. అంటే బాక్టీరియాకు ఆ రెండూ పుష్కలం, కరవైనది కార్బనే. ఆ కరవు తీరిస్తే అవి ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి, పెరుగుతూ నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను ఒంట్లో కలుపుకుంటాయి. నీటిలో బుడగలు కొట్టి మలినాన్ని నురుగుగా లేపే యంత్రం ప్రొటీన్ స్కిమ్మర్, అది వాటిని ఆ నురుగుతో పాటు బయటికి లాగుతుంది. రాళ్ల లోపల ఆక్సిజన్ అందని సందుల్లో మరికొన్ని బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలికి వదిలేస్తాయి.

గోదావరి జిల్లాల రొయ్యల రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చెరువులో అమ్మోనియా పెరిగితే బెల్లం లేదా మొలాసిస్, తౌడు, ఈస్టు కలిపి పులియబెట్టి చల్లడం అక్కడ మామూలే. సూత్రం ఒక్కటే: కార్బన్ ఇవ్వు, బాక్టీరియాను పెంచు, నైట్రోజన్‌ను దానికి అప్పగించు. తేడా ఎక్కడంటే, చెరువులో పెరిగిన బాక్టీరియా ముద్దలను రొయ్యలే మేస్తాయి; మన ట్యాంకులో వాటిని స్కిమ్మర్ ఎత్తిపోయాలి. ఇంకొకటి కూడా ఆ చెరువు గట్టు మీదే నేర్చుకోవచ్చు. అక్కడ ఏరేటర్లు రాత్రంతా ఎందుకు తిరుగుతాయి? బాక్టీరియా మేత తింటుంది, మేతతో పాటు ఆక్సిజన్‌నూ తింటుంది. సీసా మూత తీసిన రోజు నుంచి మీరు చేపలు, పగడాలతో పాటు మూడో మందను మేపుతున్నట్టే.

అందుకే ఏది నైట్రేట్‌ను ఎక్కువ దించుతుందన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. సరిగ్గా వాడితే అన్నీ దించుతాయి. కరెంటు పోయిన రాత్రి, స్కిమ్మర్ మొరాయించిన రోజు, మీరు ఊళ్లో లేని వారం ఏది మిమ్మల్ని తక్కువ ఏడిపిస్తుందో చూసి ఎంచుకోండి. ఈ వ్యాసంలోని తూకమంతా దాని మీదే.

అసలు మీకు అవసరమా?

మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. మన ఇళ్లలోని ట్యాంకులు చాలావరకు క్లౌన్ చేపలు, టాంగ్ చేపలు, మెత్తని పగడాలు, వాటి చుట్టాలైన జోయాంథిడ్‌లతో నడిచేవే. ఈ జీవులకు కొద్దిపాటి నైట్రేట్ ఉంటేనే కళ. లెదర్ పగడం అనే మెత్తని రకం నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) ఉన్న నీటిలో హాయిగా విచ్చుకుంటుంది. విదేశాల్లో ఉంటూ గట్టి పగడాలు పెంచే మనవాళ్లు చదివే సలహాలు వేరే ట్యాంకుల కోసం రాసినవి. అక్కడి అంకెలను చూసి ఇక్కడ కంగారు పడకండి. గట్టి పగడాలకు నేను మనసులో పెట్టుకునే హద్దులు నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం. మెత్తని పగడాల ట్యాంకులో నైట్రేట్ 25 దాటి నెలలు గడిచినా, గాజు మీద రెండు రోజులకే ఆకుపచ్చ పొర కమ్ముతున్నా అప్పుడు ఆలోచించండి.

ఆలోచించే ముందు అంకెను నమ్మవచ్చో లేదో తేల్చుకోండి. కొన్ని కిట్లు నైట్రేట్‌ను కాక నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను మాత్రమే చూపిస్తాయి. ఆ అంకెను 4.43తో గుణించాలి. కొన్ని డిజిటల్ మీటర్లు ఫాస్ఫేట్‌కు బదులు ఫాస్ఫరస్‌ను చూపిస్తాయి, దాన్ని 3.066తో గుణించాలి. గుణించడం మరచి "నా ఫాస్ఫేట్ చాలా తక్కువ" అనుకుని మురిసేవారు ఉన్నారు. తర్వాత మీరు పోసే నీళ్లను పరీక్షించండి. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల బోరు నీళ్లలోనే నైట్రేట్ ఉంటుంది. ఇంటి ఆర్వో యంత్రం దాన్ని పూర్తిగా ఆపదు, దాని వెనుక మిగిలిన లవణాలను పట్టేసే డీఅయనైజర్ రెసిన్ కూడా ఉండి, మీటరులో టీడీఎస్ సున్నా కనిపించాలి. అది లేకుండా పోసిన ప్రతి బకెట్‌తో మీరే నైట్రేట్ కలుపుతున్నారు, దాన్ని దించడానికి మళ్లీ మీరే వెనిగర్ పోస్తున్నారు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే లెక్క నీటి మార్పిడి దగ్గర మొదలవుతుంది. నైట్రేట్ 50 ఉన్న ట్యాంకులో 20 శాతం నీళ్లు మారిస్తే 40 అవుతుంది. వెంటవెంటనే నాలుగు సార్లు మారిస్తే 20కి దిగుతుంది. 250 లీటర్ల ట్యాంకుకు ప్రతిసారీ 50 లీటర్లు, అంటే దాదాపు 2 కిలోల ఉప్పు. నాలుగు సార్లకు 8 కిలోలు. చిన్న ట్యాంకుకు ఇంతకు మించిన మందు లేదు. 60, 80 లీటర్ల నానో ట్యాంకులో స్కిమ్మర్ లేకుండా కార్బన్ వేయడమంటే చెత్త ఊడ్చి గదిలోనే ఓ మూలన పోగేయడం. బాక్టీరియా పెరుగుతుంది, బయటికి పోయే దారి ఉండదు, చచ్చి మళ్లీ నీళ్లలోనే కలుస్తుంది. ఆ కొలత ట్యాంకు ఉన్నవారు మిగతా వ్యాసం సరదాకు చదువుకోవచ్చు.

సంప్‌లో, అంటే ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టిలో, చోటున్నవారికి ఇంకో దారి ఉంది. కీటోమార్ఫా అనే గట్టి తీగల నాచును దీపం కింద పెంచి, ప్రతి రెండు వారాలకు ఒక పిడికెడు కోసి పారేయడం. నిదానంగా పనిచేస్తుంది, కానీ రాత్రి పూట దీపం వేస్తే నాచు ఆక్సిజన్ ఇస్తుంది, తీసుకోదు. కరెంటు కాసేపు పోయినా పెద్దగా చెడేదేమీ లేదు. నేను దీన్ని కార్బన్‌కు పోటీగా చూడను, మొదటి మెట్టుగా చూస్తాను. ఇది పెట్టి మూడు నెలలు చూసినా అంకె దిగకపోతే అప్పుడు సీసా వైపు రండి.

వెనిగర్

ముందే చెప్పేస్తాను: 150 నుంచి 500 లీటర్ల ట్యాంకు, మంచి స్కిమ్మర్, రోజూ ఇంట్లో ఉండే మనిషి, ఈ మూడూ ఉంటే నా ఓటు వెనిగర్‌కే. కారణం దాని బలహీనతే. 5 శాతం వెనిగర్ 8 మి.లీ.లో ఉన్నంత కార్బన్ 40 శాతం వోడ్కా 1 మి.లీ.లో ఉంటుంది. పలుచగా ఉండటం వల్ల చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. 250 లీటర్ల ట్యాంకుకు మొదటి వారం రోజుకు 2 మి.లీ. వెనిగర్ చాలు. పొరపాటున 0.1 మి.లీ. ఎక్కువ పడితే అది ఇరవయ్యో వంతు. అదే పనికి వోడ్కా 0.25 మి.లీ. కొలవాలి. అక్కడ అదే 0.1 మి.లీ. పొరపాటు దాదాపు సగం డోసు.

సీసా కొనేటప్పుడు లేబుల్ చదవండి. మన కిరాణా కొట్లలో ఫ్రైడ్ రైస్ కోసం అమ్మే తెల్ల వెనిగర్ చాలావరకు అసిటిక్ ఆమ్లాన్ని నీటితో పలుచన చేసినదే. దాని మీద సింథటిక్ అని రాసి ఉంటుంది. ఆ మాట చూసి భయపడకండి, మన పనికి అదే మేలు. అసిటిక్ ఆమ్లం, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. రంగు కోసం కారమెల్ కలిపినది వద్దు. యాపిల్ వెనిగర్, చెరకు వెనిగర్, కల్లు వెనిగర్ వంటకు మంచివే, ట్యాంకుకు కాదు. వాటిలో మనం తీసేయాలనుకునేవే మళ్లీ ఉంటాయి. గాఢత 4 శాతమో 5 శాతమో చూసుకోండి. విదేశీ డోసు పట్టికలన్నీ 5 శాతానికి రాసినవి. మీ సీసా 4 శాతమైతే 2 మి.లీ. అన్నచోట 2.5 మి.లీ. వేయాలి. ఇంకో సంగతి, నెల మధ్యలో సీసా అయిపోయి వేరే కంపెనీది తెచ్చినప్పుడు మళ్లీ లేబుల్ చూడండి. నేను ఒకసారి చూడలేదు. రెండు వారాలు నైట్రేట్ ఎందుకు ఎగబాకిందో అర్థం కాక స్కిమ్మర్‌ను విప్పి బిగించాను.

వెనిగర్‌తో చిక్కు పీహెచ్. ఆమ్లం కాబట్టి పోసిన వెంటనే పీహెచ్ కాస్త పడుతుంది. బాక్టీరియా ఆ అసిటేట్‌ను తినేశాక ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, తిరిగి వస్తుంది, కానీ ఆ తినడంలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంతసేపు పీహెచ్‌ను కిందనే ఉంచుతుంది. వోడ్కాలో ఆమ్లం లేదు గనుక పీహెచ్ పడదు అనుకోవడం పొరపాటే. తిన్నాక వచ్చే కార్బన్ డయాక్సైడ్ అక్కడా ఉంది. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో ఇది ఇంకా తెలుస్తుంది. పొద్దున లైట్లు వెలిగాక, నీరు జోరుగా పారే చోట వేయండి. రాత్రి పడుకునే ముందు మాత్రం వేయవద్దు. సున్నపు తేటతో కాల్షియం అందించేవారికి ఇక్కడ ఒక లాభం ఉంది. ఆ తేటలో వెనిగర్ కలిపితే సున్నం ఇంకాస్త కరుగుతుంది, సున్నం పీహెచ్‌ను లేపుతుంది, వెనిగర్ దించుతుంది, రెండూ ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. సున్నమంటే శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ అని గుర్తుంచుకోండి, కిళ్లీ కొట్టు సున్నం కాదు.

వోడ్కా

2000ల తొలి ఏళ్లలో జర్మన్ అభిరుచిపరుల ద్వారా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ట్యాంకు పెట్టిన రెండో ఏడు నేనూ ఇదే మొదలుపెట్టాను. ఒక ఆదివారం మా మామగారు ఫ్రిజ్ తలుపు తెరిచి అలాగే నిలబడిపోయారు. "మామయ్యగారూ, అది నాకు కాదు, ట్యాంకుకు" అన్నాను. ఆయన ట్యాంకును చూశారు, నన్ను చూశారు, తలుపు మూశారు. "చేపలకు ఐస్ కూడా వేస్తారా అల్లుడుగారూ?" అన్నారు.

వోడ్కాకు ఉన్న అసలు సుగుణం గాఢత. 1000 లీటర్ల ట్యాంకుకు రోజూ 100 మి.లీ. పైన వెనిగర్ పోయవలసి వచ్చినప్పుడు, అదే పని 13 మి.లీ. వోడ్కాతో అవుతుంది, కొలత ప్రకారం తనంతట తానే వేసే డోసింగ్ పంపు పక్కన చిన్న సీసా చాలు. కానీ ఈ గాఢతే చిన్న ట్యాంకుకు గండం. కొలవడానికి అందరూ ఇన్సులిన్ సిరంజి కొంటారు. దాని మీద గీతలు మిల్లీలీటర్లు కావు, యూనిట్లు. మన మందుల దుకాణాల్లో రెండు రకాలు దొరుకుతాయి: ఎర్ర మూతది 40 యూనిట్లకు 1 మి.లీ., నారింజ మూతది 100 యూనిట్లకు 1 మి.లీ. 0.25 మి.లీ. కావాలంటే నారింజ మూతలో 25 గీత, ఎర్ర మూతలో 10 గీత. 25 అని గుర్తుపెట్టుకుని ఎర్ర మూత సిరంజి లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. మొదటి వారంలో చేయకూడని తప్పు ఇదే.

మన దేశంలో తయారయ్యే వోడ్కా సాధారణంగా 42.8 శాతం, పట్టికలు 40 శాతానికి రాసినవి. తేడా చిన్నదే, డోసు పెరిగిన కొద్దీ లెక్కలోకి వస్తుంది. నిమ్మ, నారింజ రుచులు కలిపినవి వద్దు. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ ఇథనాలే కదా అని అడుగుతుంటారు. తాగకుండా చేయడానికి వాటిలో కలిపేవి చేపలకూ విషమే. ఎర్ర, ముదురు గులాబీ రంగు జిగురు పొరగా ఇసుక మీద పరుచుకునే సయానోబాక్టీరియా వోడ్కా ట్యాంకుల్లో ఎక్కువ అన్నది చాలామంది అనుభవం, నాది కూడా. వెనిగర్‌కు మారాక నా ఇసుక తెల్లబడింది. అదొక్కటే కారణమని మాత్రం ఒట్టు వేయను, అదే నెలలో నీటి పంపు కూడా మార్చాను.

పంచదార గురించి రెండు మాటలు చాలు. 0.4 గ్రాముల పంచదార 1 మి.లీ. వోడ్కాతో సమానం. చవక, ప్రతి ఇంట్లో ఉంటుంది, అందుకే చెంచాతో వేసేస్తారు. చెంచా అంటే 4, 5 గ్రాములు. ఒక్క విదిలింపుతో ట్యాంకు పాలవిరుగుడు అవుతుంది. పగడాలు ముడుచుకుని గోధుమ రంగుకు తిరిగాయని చెప్పేవారూ ఎక్కువ. బెల్లం ఇంకా వద్దు. రొయ్యల చెరువుకు అందులోని మడ్డి, ఖనిజాలు మేలు చేస్తాయేమో, గాజు ట్యాంకులో అవి నీటిని టీ డికాషన్ చేస్తాయి.

కొట్లో దొరికే సీసాలు

రెడ్ సీ అనే కంపెనీ వారి నోపాక్స్ లాంటి సీసాల్లో ఉండేది ఇంచుమించు మనం మాట్లాడుకుంటున్నవే: అసిటిక్ ఆమ్లం, ఇథనాల్, మిథనాల్. మీరు డబ్బు ఇచ్చేది ఎప్పుడూ మారని గాఢతకు, మూత మీద రాసిన కొలతకు, నైట్రేట్ ఇంత ఉంటే ఇంత అని చెప్పే పట్టికకు. గాఢతల లెక్కలతో విసిగేవారికి, సీసా మారినప్పుడు లేబుల్ చూడని నాబోటి వారికి అది తక్కువ మాట కాదు. చిన్న ట్యాంకుకు సీసా నెలల తరబడి వస్తుంది, కొనవచ్చు. పెద్ద ట్యాంకుకు ఖర్చు భరించలేనంత అవుతుంది. మిథనాల్ ఉన్నది పిల్లలకు అందని చోట పెట్టండి, తాగే సీసాల పక్కన అసలే పెట్టవద్దు.

గుళికలు

బాక్టీరియా కొద్దికొద్దిగా కొరుక్కుతినే ప్లాస్టిక్ లాంటి పాలిమర్ గింజలివి, జొన్న గింజంత ఉంటాయి. గొట్టం ఆకారపు రియాక్టర్‌లో పోసి, కింద నుంచి పంపుతో నీళ్లు తోస్తే పొయ్యి మీద ఉడికే పెసల్లా దొర్లుతుంటాయి. బయటికి వచ్చే నీళ్లు నేరుగా స్కిమ్మర్ నోటి దగ్గర పడాలి. సిరంజి లేదు, రోజూ గుర్తుంచుకోవలసింది లేదు. దీన్నే దీని గొప్పతనంగా చెబుతారు. నా దృష్టిలో చిక్కూ అదే. వెనిగర్‌ను రేపటి నుంచి సగం చేయవచ్చు. గుళికలు తమ లెక్కన తాము నడుస్తాయి. నీటి ప్రవాహం తగ్గించి కట్టడి చేద్దామంటే దొర్లడం ఆగి ముద్ద కడతాయి. నైట్రేట్ సున్నాకు దిగాక కూడా మీరు వాటిని తోడి పారేస్తే తప్ప అవి ఆగవు. పని మొదలుపెట్టడానికి నెల, రెండు నెలలు తీసుకుంటాయి. ఆ లోపల ఓపిక నశించి ఇంకో సంచి పోసినవాళ్లు ఆ తర్వాత ఒక్కసారిగా దిగే అంకెను చూసి లబోదిబోమంటారు.

కరెంటు సంగతి ఇక్కడే గట్టిగా అడ్డు వస్తుంది. పంపు ఆగి కొన్ని గంటలైతే గొట్టంలోని బాక్టీరియా ఉన్న ఆక్సిజన్ అంతా తినేసి కుళ్లడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ నీళ్లు ట్యాంకులోకి పోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ అది, చేపలకు విషం. ఇన్వర్టర్ ఉన్నా రియాక్టర్ పంపును దానికి కలిపారా అన్నది చూసుకోండి. నాలుగు గంటలు దాటి ఆగితే పంపు మళ్లీ వేసే ముందు గొట్టంలోని నీళ్లు బకెట్‌లోకి వంపి పారబోయండి. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంటులో, పెద్ద చేపలతో, 600 లీటర్లు మించిన ట్యాంకుకు గుళికలు మంచి ఎంపికే. చెప్పిన మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టండి.

పెంచడం, ఆగడం

సీసా ఏదైనా మొదటి రెండు, మూడు వారాలు అంకె కదలదు. వెనిగర్ 2 మి.లీ.తో మొదలుపెట్టి వారానికి 2 మి.లీ. చొప్పున పెంచుతూ, వారానికి రెండు సార్లు పరీక్షించండి. అంకె దిగడం మొదలైన చోట పెంచడం ఆపండి. నా 250 లీటర్ల ట్యాంకు 18 మి.లీ. దగ్గర నిలబడింది, మీది 10 దగ్గర నిలబడవచ్చు, 30 దగ్గర నిలబడవచ్చు. పని జరుగుతోందని కిట్ కంటే ముందు స్కిమ్మర్ చెబుతుంది. కప్పులో లేత పసుపు నీళ్లు చేరే చోట కషాయం రంగు మడ్డి చేరుతుంది, వాసన కూడా మారుతుంది. గొట్టాల చివర తెల్లని జిగురు తీగలు వేలాడతాయి. అవి సహజమే, బ్రష్‌తో తీసేయండి.

నేను వోడ్కా రోజుల్లో మూడో వారానికి ఓపిక పట్టలేక డోసును రెండింతలు చేశాను. మూడో రోజు సాయంత్రానికి ట్యాంకు బియ్యం కడిగిన నీళ్లలా మసకబారింది. మే నెల, నీళ్లు 29 డిగ్రీలు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ. తెల్లవారుజామున కరెంటు పోయింది. నాలుగు గంటలకు టార్చి వేసి చూస్తే క్లౌన్ జంట నీటి పైపొరకు మూతులు ఆనించి గాలి మింగుతోంది, ఎల్లో టాంగ్ రాయికి ఒరిగిపోయి దవడలు కొట్టుకుంటోంది. ఒక మగ్గుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పోస్తూ కరెంటు వచ్చేదాకా కూర్చున్నాను. టాంగ్ బతికింది. ఆ మర్నాడే బ్యాటరీతో నడిచే గాలి పంపు కొన్నాను. మసక కనిపిస్తే చేయవలసింది డోసు పూర్తిగా ఆపడం, గాలి పంపుకు తగిలించే బుడగల రాళ్లు వేయడం, స్కిమ్మర్‌ను తడిగా, అంటే పలుచని నురుగు ఎక్కువగా పొర్లేలా, నడపడం, అంతే. రెండు, మూడు రోజుల్లో తేటపడుతుంది. తేటపడ్డాక సగం డోసుతో మళ్లీ మొదలు.

ఆల్కలినిటీ మీద కూడా కన్నేసి ఉంచండి. బాక్టీరియా నైట్రేట్‌ను తినే కొద్దీ ఆల్కలినిటీ నీటికి తిరిగి చేరుతుంది. నైట్రేట్ 50 పీపీఎం దిగితే దాదాపు 2.3 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. పోషకాలు తగ్గిన నీటిలో ఆల్కలినిటీ ఎక్కువైతే గట్టి పగడాల కొసలు కాలినట్టు తెల్లబడతాయి. కార్బన్ వాడే ట్యాంకులో నేను దాన్ని 7, 8 డీకేహెచ్ మధ్య ఉంచుతాను.

ఫాస్ఫేట్ పేచీ వేరు

సముద్ర ప్లవకాల్లో, అంటే నీటిలో తేలియాడే చిన్న జీవుల్లో, నైట్రోజన్, ఫాస్ఫరస్ అణువులు దాదాపు 16కు 1గా ఉంటాయి. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పేరు మీద నిలిచిన నిష్పత్తి ఇది. మన కిట్ల భాషలో చెబితే నైట్రేట్ 10 పీపీఎం దిగే లోపు ఫాస్ఫేట్ సుమారు 1 పీపీఎం దిగాలి. ట్యాంకు బాక్టీరియా ప్లవకాల లెక్కను అచ్చంగా పాటించదు. రాళ్లలోని బాక్టీరియా ఫాస్ఫేట్ ముట్టకుండానే నైట్రేట్‌ను ఆవిరి చేస్తుంది. కాబట్టి నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.4 ఉన్న ట్యాంకులో కార్బన్ వేస్తే నైట్రేట్ ముందు అడుగంటుతుంది, బాక్టీరియా పెరుగుదల ఆగుతుంది, ఫాస్ఫేట్ అక్కడే కూర్చుంటుంది. ఆ ట్యాంకుకు కావలసింది ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు, పైన చెప్పిన పాలిమర్ గుళికలు కావు. అవి నైట్రేట్ జోలికి పోకుండా ఫాస్ఫేట్‌ను పట్టుకుంటాయి. వాటినీ కొద్దికొద్దిగానే వేయండి.

రెండూ సున్నా అయిన ట్యాంకును చూసి సంబరపడవద్దు. పోటీ పడే జీవులన్నీ ఆకలితో వెనక్కి తగ్గిన చోట డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు దిగుతాయి. గోధుమ రంగు చీమిడిలా, మధ్యలో గాలి బుడగలతో ఇసుక మీద వేలాడే ఆ పొరను వదిలించుకోవడం నైట్రేట్ 50ని దించడం కంటే పది రెట్లు కష్టం. అంకె 5 దగ్గరికి రాగానే డోసు తగ్గించండి.

ఊరికి వెళ్తే

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లేవారు ఏం చేయాలన్నది ఎంపికలో అందరూ మరచే ప్రశ్న. గుళికలైతే వాటి మానాన అవి నడుస్తాయి, కరెంటు ఉన్నంత వరకు. డోసింగ్ పంపు ఉన్నవారు వెనిగర్‌ను సగానికి తగ్గించి, సీసాలో ఆ వారానికి సరిపడా మాత్రమే పోసి వెళ్లండి. పంపు పిచ్చెక్కినా అంతకు మించి పడదు. చేత్తో వేసేవారు ఆ వారం మానేయండి. మేత కూడా తగ్గుతుంది గనుక నైట్రేట్ పెద్దగా లేవదు. తిరిగి వచ్చాక పాత డోసుతో కాకుండా సగంతో మొదలుపెట్టి వారంలో పాత కొలతకు చేరండి. ఈ లోపు మంద పలచబడి ఉంటుంది. పక్కింటివారికి మాత్రం సిరంజి అప్పగించవద్దు. రోజుకో మేత పొట్లం కట్టి, మీద తేదీ రాసి ఇవ్వండి. సీసాను బీరువాలో పెట్టి తాళం వేయండి.